చివరగా వెళ్ళే చోటు

పిల్లులు పెంచుతున్నావా అని ఎవరైనా అడిగితే మార్త ఒప్పుకునేది కాదు. "నేనేడ పెంచిన? గవి ఆడ ఉంటయ్, నేను ఈడ ఉంట," అనేది.

తాండూరు చివర, రైలు పట్టాలను ఆనుకుని ఉన్న బాల్‌రాజ్ పటేలు పాలిష్ యూనిట్‌లో ఆమె చాలా ఏళ్ళుగా కూలీ. మిషన్ కింద నాపరాయి అరిగి పారే తెల్లని బురదను ఎత్తిపోయడం, నునుపు తేలిన బండలను కడగడం ఆమె పని. ఆవరణ నిండా బండలు నిలువుగా, ఒకదానికొకటి ఆనుకుని, వరసలు వరసలుగా ఉంటాయి. ఆ వరసల సందుల్లో పిల్లులు పుట్టేవి, పెరిగేవి. అవి ఏ ఇంటివీ కావు. మనిషి చెయ్యి చాస్తే బుసకొట్టి మాయమయ్యేవి. సందుల్లో పాములు చేరకపోవడానికి అవే కారణమని పటేలు నమ్మకం; అందువల్ల వాటిని ఎవరూ తరిమేవారు కాదు. మార్త మాత్రం మధ్యాహ్నం తన సద్దిలోంచి ఇంత తీసి వాటికి పెట్టేది.

ఆ పిల్లులకు జబ్బు చేసిందన్న సంగతి పశువుల డాక్టరు స్నేహలతకు ఒక కూన వల్ల తెలిసింది. మార్త దాన్ని తువ్వాలలో చుట్టి ఆసుపత్రికి తెచ్చింది. బుసకొట్టే ఓపిక కూడా లేని కూన. కళ్ళు పుసితో అతుక్కుపోయాయి. తుమ్మినప్పుడల్లా ఒళ్ళంతా ఊగిపోతోంది.

ఆ ఆసుపత్రికి బర్రెలు వస్తాయి, మేకలు వస్తాయి. పిల్లిని తెచ్చినవారు అంతవరకు లేరు. బర్రెను పట్టుకుని వరసలో నిలబడ్డ ఆసామి నవ్వాడు.

"పిల్లికి గూడ చీటీ రాస్తరా ఏంది?"

"నీ బర్రెకు రాస్తలేరా?" అంది మార్త, అతని వైపు చూడకుండానే.

స్నేహలత కూన నోరు తెరిచి చూసింది. నాలుక మీద పుండ్లు. వైరస్ అని చెప్పింది. మనుషులకు అంటదని, పిల్లి నుంచి పిల్లికి మాత్రం తుమ్ముతో, ఎంగిలితో, ముట్టుకున్న చేతులతో పాకుతుందని చెప్పింది. పుండ్లు చీము పట్టకుండా మందు ఇచ్చింది.

"అసలు రోగానికి మందు లేదు మార్తమ్మా. తిండి, నీళ్ళు, వెచ్చదనం, గివే మందు. అన్నిటికంటె ముందు రోగమొచ్చినయి వేరు పెట్టు. వాటి గిన్నెలు వేరు. బాగున్నవాటికి ఫస్టు పెట్టు, రోగపువాటికి చివరికి పెట్టు. మధ్యల చేతులు కడుక్కో."

మార్త వింటూ వింటూ ఒకచోట ఆగిపోయినట్టు కనిపించింది. తర్వాత "మంచిది డాక్టరమ్మా" అని కూనను చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ 'మంచిది'లో ఒప్పుకోలు లేదని స్నేహలతకు అప్పుడు తోచలేదు.

స్నేహలత వికారాబాద్‌లో ఉంటుంది. పొద్దున రైల్లో తాండూరు వస్తుంది, సాయంత్రం బండికి తిరిగి వెళ్తుంది. ఆమె దినమంతా ఆ సాయంత్రం బండికి కట్టి ఉండేది. ఎవరి దగ్గర ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆ బండే నిర్ణయించేది. వేళకు లేవడం కూడా ఒక న్యాయమని ఆమె అనుకునేది. ఒక జీవి దగ్గర ఎక్కువసేపు ఉంటే ఇంకో జీవికి తక్కువ పడుతుంది కదా అని ఆమె లెక్క.

కూన ఎలా ఉందో చూద్దామని ఒక సాయంత్రం స్టేషనుకు వెళ్తూ పాలిష్ యూనిట్ దగ్గర ఆగింది. అప్పుడే ఆమె ఆ తొట్టిని చూసింది.

మనిషి పొడవున్న నాపరాతి దిమ్మె. దాన్ని పొడుగునా లోతుగా ఉలితో తొలిచారు. అందులో చల్ల కలిపిన మెత్తని అన్నం. తొట్టికి రెండు వైపులా పిల్లులు భుజాలు రాసుకుంటూ తలలు వంచి తింటున్నాయి. నల్లవి, బూడిదవి, చెవి చినిగినది, తోక తెగినది. ఏదీ దేనినీ కరవడం లేదు.

స్నేహలత ఒక్క క్షణం వచ్చిన పని మరిచిపోయింది. ఊరపిల్లులు తిండి దగ్గర ఇలా నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మొదట్ల చంపుకునేటియి," అంది మార్త, మెల్లగా, అవి బెదరకుండా. "బలమున్నది తినేది, లేనిది సందులకెల్లి చూసేది. గందుకే కిష్టప్పను బతిలాడి గిది చెక్కిపిచ్చిన. నేను నడుమ కూసుంట. ఒకటి ఇంకోదాన్ని గీరితే ఆనాడు ఎవ్వరికి లేదు. అట్ల నేర్సుకున్నయ్."

మిషన్ దగ్గర నుంచి కిష్టప్ప అందుకున్నాడు. సేడం వైపు మనిషి, మాటలో కన్నడ యాస. "నా రెక్కలు పడిపోయినయి డాక్టరమ్మా. మా ఇంటిదానికి రోలు చెక్కలే నేను. పిల్లులకు తొట్టి చెక్కిన అంటె ఇంకా తిడుతున్నది."

అప్పుడు స్నేహలత తొట్టిలోకి పరికించి చూసింది. తింటున్న వాటిలో రెండింటి మూతుల నుంచి చొంగ తీగలా సాగి అన్నంలో పడుతోంది. ఒకటి తల విదిల్చి తుమ్మింది. పక్కదాని ముఖం మీద తుంపర పడింది. అది కళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ తినసాగింది.

"వేరు పెట్టమన్న గదా మార్తమ్మా."

"ఎన్నటి సంది గిట్లనే తింటున్నయ్. పానం బాగలేనప్పుడే దూరం కొట్టాల్నా?"

చెప్పింది అర్థం కాలేదేమో అనుకుంది స్నేహలత. ఎంగిలి, తుంపర, చేతులు అన్నీ మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. మార్త అన్నిటికీ తల ఊపింది. దూరాన రైలు కూత వినిపించగానే స్నేహలత లేచింది.

కొన్నాళ్ళకు ఆమె మళ్ళీ వచ్చేసరికి కూన చనిపోయింది. తుమ్ములు ఇప్పుడు ఆవరణలో అన్ని మూలల నుంచీ వినిపిస్తున్నాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఒక మూడురంగుల పిల్లికి తగిలింది. ఆవరణలో సగం పిల్లులు దాని కడుపున పుట్టినవే. ఇప్పుడు కూడా దానికి బండల సందులో పాలు తాగే కూనలున్నాయి. అది తొట్టి దగ్గరికి వచ్చి, వంగి, వాసన తెలియక, మూతి తాకించి, నోటి పుండ్ల మంటకు వెనక్కి జరిగి కూర్చుంది. రెండోసారి ప్రయత్నించలేదు.

"ఎప్పటి సంది తింటలేదు?"

"నిన్నటి సంది ముట్టలే."

"గిది తినకపోతె పాలు ఎండుతయి. ఇది పోతది, దీనెనక కూనలు పోతయి. సమజయితుందా నీకు?" స్నేహలత గొంతు పెరిగింది. "నేను చెప్పింది చెయ్యనప్పుడు నా దగ్గరికి ఎందుకొచ్చినట్టు?"

"ఆమె ఎవ్వరి మాట వినది డాక్టరమ్మా," అన్నాడు కిష్టప్ప. "పటేలు మాట వినది, నా మాట వినది. మిషన్ మాట ఒక్కటే వింటది, గది గూడ చప్పుడు ఎక్కువని."

మార్త నవ్వలేదు. చేతిలోని నీళ్ళ పైపును నేల మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మాది బొంరాస్‌పేట దిక్కు ఊరు. నా చిన్నప్పుడు మా నాయినెంబడి చాయ్ హోటలుకు పోయేదాన్ని. మా నాయిన గ్లాసు హోటల్ లోపల ఉండకపోతుండె. బయట గోడకు ఒక గూడు. అండ్ల ఉండేది. పైకెల్లి పోసేటోళ్ళు చాయ్. తాగి, కడిగి, మల్ల అదే గూట్ల పెట్టి రావాలె. ఒకనాడు నేనడిగిన, మనకేమన్న రోగమున్నదా నాయినా అని."

"ఏమన్నడు?"

"ఏమంటడు. సల్లారుతది తాగు బిడ్డా అన్నడు."

కిష్టప్ప మిషన్ ఆపాడు. పైపు నుంచి నీళ్ళు బండల మీదుగా పారుతున్న చప్పుడు మిగిలింది.

"నా చేతులతోని గిన్నె వేరు పెట్టలేను డాక్టరమ్మా. పెడదామనే ఒకనాడు రెండు పల్లాలు తెచ్చిన. తెచ్చి, పట్టుకోని నిలబడ్డ. నాతోని కాలే."

స్నేహలత మార్తకు తన మాట అర్థం కాలేదని ఇన్ని రోజులు అనుకుంది. తనకంటే ఎక్కువ అర్థమైంది కనుకనే ఆమె చేయలేకపోయింది. అయినా పిల్లి చనిపోతూనే ఉంది. రోగానికి ఆ గ్లాసు సంగతి తెలియదు. బండి వేళయింది. స్నేహలత లేచి స్టేషనుకు నడిచింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించింది. కంది చేలు వెనక్కి పోతున్నాయి. ఆమె గొర్రెల కాపరి కూతురు. రోగం వచ్చిన గొర్రెను వేరు పెట్టడం ఆమె చదువులో నేర్చుకున్న సంగతి కాదు. అంతకు ముందే, గుట్టల మీద తండ్రి వెనుక తిరుగుతూ చూసింది. ఆ జ్ఞాపకంలో అవమానం ఎక్కడా లేదు. వేరు పెట్టిన గొర్రె అనగానే ఆమెకు దాని పక్కన గొంగడి కప్పుకుని పడుకున్న తండ్రి గుర్తొస్తాడు. ఒకే పని. ఒకరి బాల్యంలో అది గోడకున్న గూడు, ఇంకొకరి బాల్యంలో గొంగడి. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడుంది? పనిలో అయితే లేదు. మరి ఎక్కడ?

ధారూరు దాటాక తండ్రికి ఫోన్ చేసింది. ఆయన పేరు శ్రీశైలం; కోట్‌పల్లి దగ్గరి ఊళ్ళో ఇంకా మంద కాస్తూనే ఉన్నాడు.

"నాయినా, రోగమొచ్చిన గొర్రెను వేరు పెట్టి నువ్వు దానికాడ్నే పండేటోనివి గదా. ఎందుకు?"

"గిదేం అడుగుడు? రైల్ల పని లేక అడుగుతున్నవా?"

"చెప్పు నాయినా."

"మందకంత మేత, నీళ్ళు సూసినంకనే దానికాడికి పోవాలె. దాన్ని ముట్టినంక మల్ల మందల కాలు పెట్టొద్దు. గుట్ట మీద కాళ్ళు చేతులు కడుగుదామంటె నీళ్ళేడియి? ఇగ ఏం జేస్త, ఆడ్నే పండేది."

"దాని మీద పాయిరంతోని అనుకున్న నేను."

"పాయిరమెక్కడిది బిడ్డా. దోమలు కుట్టి సంపుతుండె." తండ్రి నవ్వాడు. ఫోనులో గొర్రెల మెడ గంటలు వినిపించాయి. కాసేపాగి అన్నాడు, "పొద్దుగాల దాంక దాని ఊపిరి వినుకుంట పండితె మాత్రం, ఏమో, జర వస్తది మరి."

ఫోన్ పెట్టేసి ఆమె ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. తండ్రి ప్రేమ వల్ల అక్కడ పడుకోలేదు. అక్కడ పడుకోవలసి రావడం వల్ల ప్రేమ కలిగింది. ముందు నియమం, తర్వాత మనసు. తాను ప్రతి సాయంత్రం వేళకు లేస్తూ వచ్చింది. ఆ లేవడంలో తనకు ఏమేమి రాకుండా పోయాయో తెలుసుకునే వీలు కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ ఆమె యూనిట్‌కు వెళ్ళింది. మూడురంగుల పిల్లి బండల నీడలో ఒక పక్కకు ఒరిగి ఉంది. మనిషిని చూసి చెవులు వెనక్కి వాల్చింది, లేవలేదు. మార్త దానికి కొంత దూరంలో గొంతుకూర్చుని ఉంది. స్నేహలత వెళ్ళి పక్కన కూర్చుని తండ్రి చెప్పింది చెప్పింది, దోమల సంగతితో సహా.

మార్త విన్నదాన్ని తనకు తాను ఒకసారి చెప్పుకుని అడిగింది.

"చివరికి పోతె, మల్ల వేరే పిల్లి కాడికి పోవొద్దు. గంతేనా?"

"గంతే. పోతె రోగాన్ని మోసుకపోయినట్టు."

"అంటె లేసి పోయే పని లేదు. ఆడ్నే కూసోవచ్చు."

"కూసోవాలె."

మార్త పిల్లి వైపే చూస్తూ అంది, "మా నాయిన గ్లాసు కాడికి ఎవ్వరు వచ్చి కూసోలే బిడ్డా." ఆమె స్నేహలతను బిడ్డా అనడం అదే మొదలు.

తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "కిష్టప్పా, తొట్టి కొయ్యాలె."

కిష్టప్ప సద్ది ముందు చెయ్యి ఆపాడు. "ఏం కొయ్యాలె?"

"తొట్టి. పిల్లికొక ముక్క వచ్చేటట్టు కొయ్యి."

"నీకేమన్న అయిందా? నా చేతులు బొబ్బలెక్కంగ చెక్కిన. రెండు పల్లాలు కొంటె అయిపోయే పనికి దాన్ని కోస్తరా ఎవరన్న?"

"కొత్త పల్లెం పెడితె దగ్గరికి రావు. బెదురుతయ్. గీ రాయే ఎరుక వాటికి."

"కోస్తె రెండు దిక్కుల నోరు తెరుచుకుంటది. చల్లంత కారిపోతది."

"రెండు దిక్కుల రాతి పట్టీలు అతికియ్యి. గమ్ము లేదా నీ దగ్గర?"

కిష్టప్ప స్నేహలత వైపు చూశాడు, ఆమె అయినా అడ్డు చెబుతుందేమో అని. తర్వాత గొణుక్కుంటూ చెయ్యి కడుక్కున్నాడు. ఇద్దరు మనుషుల్ని పిలిచి తొట్టిని కోత మిషన్ మీదికి ఎక్కించాడు. బ్లేడు తిరిగింది. నీళ్ళు చిమ్మాయి. ఆఫీసు గదిలోంచి పటేలు తొంగిచూసి, "నా బ్లేడు ఇప్పుడు పిల్లుల మీద అరుగుతున్నదా?" అన్నాడు. తల ఆడించి లోపలికి పోయాడు. రాయి తెగుతున్నంతసేపూ మార్త అక్కడే నిలబడింది. తెల్లని బురద ఆమె కాళ్ళ మీదికి పారింది. ఆమె దాన్ని ఎత్తిపోయలేదు, పక్కకు జరగలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మార్త చేసినదాన్ని స్నేహలత ఎప్పటికీ మరిచిపోలేకపోయింది. ఆమె పెద్ద ఆసుపత్రులు చూసింది, గొప్ప పశువైద్యుల దగ్గర పని నేర్చుకుంది. చెప్పిన నియమాన్ని ఇంత పూర్తిగా ఒంటికి పట్టించుకున్న మనిషిని మాత్రం చూడలేదు. ఆవరణ వెనుక వాడకం లేని జనరేటరు గది ఒకటి ఉంది. మార్త దాన్ని కడిగి, గోనెసంచులు పరిచి, జబ్బు చేసినవాటిని కోళ్ళ గంపతో ఒక్కొక్కటిగా కప్పి పట్టి అక్కడికి చేర్చింది. ముంజేతుల నిండా గీతలు పడ్డాయి. మూడురంగుల పిల్లిని, దాని కూనలను ఒకే మూల ఉంచింది. ముక్కలైన తొట్టిని బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టింది. రోజూ ముందు బయట ఉన్నవాటికి, దూరం దూరంగా, దేని రాయి దానికి. అవి తిన్నాక చేతులు కడుక్కుని, జనరేటరు గది తలుపు దగ్గర మేకుకు తగిలించిన కిష్టప్ప పాత అంగీ చీర మీద తొడుక్కుని లోపలికి వెళ్ళేది. పని దిగాక వెళ్ళేది కనుక మళ్ళీ బయటికి వచ్చే తొందర ఉండేది కాదు.

కూనల కళ్ళు ఉప్పు నీళ్ళ దూదితో తుడిచేది. సల సల కాగే నీళ్ళ కుండను గది మధ్యన పెట్టి తలుపు మూసి, ఆ ఆవిరిలో తనూ కూర్చునేది. పెద్ద పిల్లులను ఎన్నడూ ముట్టలేదు. "మచ్చిక చేస్తె రేపు బయట ఎవరి చెయ్యి పడితె ఆ చెయ్యి నమ్ముతయ్," అనేది. దయలో కూడా తనకోసం ఏమీ ఉంచుకోని ఆ మాట స్నేహలతను చాలా దూరం వెంటాడింది. తాను నయం చేసిన పశువు తన చెయ్యి నాకితే తాను ఎంత సంతోషించేదో గుర్తొచ్చింది.

అయితే మూడురంగుల పిల్లి తినడం లేదు. స్నేహలత దాన్ని తువ్వాలలో అదిమి పట్టి చర్మం కిందికి సెలైన్ ఎక్కించింది. ఆ నీళ్ళతో గడిచేది ఒక పూట. కూనలు పాలు రాక అరిచాయి.

"ముక్కు మూసుకపోయింది మార్తమ్మా. వాసన తెల్వకపోతె పిల్లి తినది. ఎంత ఆకలున్నా తినది."

"వాసన ఒక్కటేనా కావాల్సింది?"

మరుసటి సాయంత్రం స్నేహలత వచ్చేసరికి ఆవరణ అంతా ఎండు చేపల కమురు. అంగడిలో దొరికిన అన్నిటికంటే ఘాటైన రకం తెచ్చి, నిప్పుల మీద కాల్చి, ముళ్ళు తీసి, వేడి నీళ్ళలో పిసికి మెత్తగా చేసింది మార్త. పటేలు ఆఫీసు కిటికీలన్నీ మూయించాడు. కిష్టప్ప ముక్కుకు తువ్వాల కట్టుకున్నాడు. "పిల్లి లేస్తదో లేవదో గని, గీ కంపుకు నేను మాత్రం పడిపోతున్న ఈడ," అన్నాడు.

మార్త బయటి పిల్లుల పని ముగించింది. చేతులు కడుక్కుంది. అంగీ తొడుక్కుంది. స్నేహలత కూడా చేతులు కడుక్కుని ఆమె వెనుక లోపలికి వెళ్ళింది. మార్త పొగలు కక్కుతున్న ముద్దను రాతి ముక్కలో పెట్టి పిల్లి ముందుకు జరిపింది. రాతి లోపల ఉలి గుర్తులు, పక్కల కోసిన నునుపు. వెనక్కి జరిగి గోడకు ఆనుకుని కూర్చుంది. స్నేహలత గడప దగ్గర కూర్చుంది.

పిల్లి కదలలేదు. కుండలోంచి ఆవిరి లేస్తోంది. బయట మిషన్ ఆగింది. పనివాళ్ళు ఒకరొకరుగా వెళ్ళిపోతున్న అలికిడి. మార్త దాన్ని పిలవలేదు, బుజ్జగించలేదు. పక్కింటి మనిషిలా ఊరికే కూర్చుంది.

దూరాన వికారాబాద్ బండి కూత వేసింది. స్నేహలత చెయ్యి అలవాటుగా సంచి మీదికి వెళ్ళింది. మార్త ఆమె వైపు చూసి గొంతు తగ్గించి అంది, "పో బిడ్డా. నేనున్న గదా."

పిల్లి ముక్కు ఒకసారి ముడుచుకుంది, విచ్చుకుంది. మెడ కొంచెం ముందుకు సాగింది.

బండి స్టేషనులో ఆగిన చప్పుడు గోడల గుండా వచ్చింది. మూడురంగుల పిల్లి మోచేతుల మీద పాకి రాతి అంచు మీద గడ్డం ఆనించింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత నాలుక చాపి ఒకసారి నాకింది. మంటకు తల విదిల్చింది. మళ్ళీ నాకింది. ఇద్దరు మనుషులనూ మార్చి మార్చి చూస్తూ, గొంతులో సన్నగా గుర్రుమంటూ, తినసాగింది.

"తిట్టుకుంట తింటున్నది," అంది మార్త. ఆమె ముఖం ఆవిరికి తడిసి ఉంది. "తిట్టనీ."

బండి కదిలింది. కిటికీ ఊచలు కాసేపు అదిరి ఆగిపోయాయి. స్నేహలత సంచిని పక్కకు జరిపి, గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుంది.